తుంచుకు తినే దాల్చినచెక్క మఫిన్లు

తుంచుకు తినే మఫిన్ అంటే ఒకే కప్పులో ఒదిగి కాలిన ఐదారు చిన్న పిండి ఉండల గుత్తి. ప్రతి ఉండా ముందు కరిగిన వెన్నలో మునుగుతుంది. తర్వాత దాల్చినచెక్క పొడి కలిపిన పంచదారలో దొర్లుతుంది. ఆపైన కప్పులో పక్కవాటితో సర్దుకుంటుంది. ఓవెన్ వేడికి ఉండలు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుంటాయి. వెన్నా పంచదారా కరిగి సందుల్లోకీ అడుగుకీ దిగి పాకమవుతాయి. తినేటప్పుడు చాకూ చెంచా అక్కర్లేదు, వేళ్లతో ఒక్కో ఉండనూ తుంచుకోవడమే. పేరులో మఫిన్ ఉన్నా ఇది జారుపిండితో చేసే కేకు రకం కాదు, ఈస్టుతో పొంగే బన్నుల కుటుంబానికి చెందినది. కప్పుల ట్రేలో కాలుతుంది కనుక ఆ పేరుతో చెలామణి అవుతోంది.

పిండి కలపడం, పిసకడం, తొలిసారి పొంగనివ్వడం గంటన్నర నుంచి రెండు గంటల పని. కొన్న పిండిముద్ద విషయంలో ఆ పని అంగట్లోనే అయిపోయి వస్తుంది. ఇంట్లో మిగిలేది వేడినీ వేళనూ కనిపెట్టుకుని ఉండడం. వంటకం బాగుపడినా చెడినా అక్కడే. పిండి కొన్నారు కదా అని చిన్నచూపు చూడనక్కర్లేదు. మంచి పిండిముద్దను కూడా అయిదు నిమిషాల ఏమరుపాటుతో గట్టి రొట్టెముక్కలుగా మార్చేయవచ్చు.

ఉండలు అతుక్కున్నా ముద్దగా కలిసిపోకుండా, తుంచగానే విడిపోవడానికి కారణం వెన్న పూత. తడిగా ఉన్న రెండు పిండి ముక్కలు తాకితే వాటిలోని గ్లూటెన్ పోగులు అల్లుకుని ఒకటైపోతాయి. మధ్యలో కొవ్వు పొర ఉంటే అంత గట్టిగా అల్లుకోలేవు. పక్కపక్కన ఇరుక్కున్న ముఖాలకు వేడిగాలి నేరుగా తగలదు కనుక అక్కడ పెచ్చు కట్టదు. బేకరీలో పావ్ బన్నులను ట్రేలో ఒకదానికొకటి ఒరుసుకునేలా పేర్చి కాల్చేది ఇందుకే. హిందూపురంలోనో మడకశిరలోనో బేకరీ గాజుపెట్టె ముందు నిలబడి, పావ్ పలక నుంచి బన్ను విడదీయించుకున్నవారికి ఆ పక్కముఖం ఎలా ఉంటుందో తెలుసు. పైన గోధుమ రంగు, పక్కన తెలుపు, లాగితే పోగులు పోగులుగా సాగే మెత్తదనం. మఫిన్‌లో కావలసిందీ అదే మెత్తదనం, దానికి తోడు తీపి.

ఈ వంటకం పుట్టుక హంగరీలో. అక్కడ ఉండలను వెన్నలో ముంచి, పంచదార, అక్రోట్ల పొడిలో దొర్లించి గిన్నెలో పేర్చి కాల్చే ‘అరాన్యగలుష్కా’ పాతకాలపు తీపి వంటకం. అమెరికాకు వలస వెళ్లిన హంగరీ యూదుల వెంట అది అక్కడి బేకరీలకు చేరింది. బెట్టీ క్రాకర్ సంస్థ 1972లో దాని తయారీని వంటల పుస్తకంలో అచ్చువేశాక ఇళ్లలో బాగా పాకింది. అమెరికాలో దీనికి ‘మంకీ బ్రెడ్’ అన్న పేరు స్థిరపడింది. పెద్ద గిన్నెలో చేసే ఆ బ్రెడ్డునే కప్పుల్లోకి కుదిస్తే మఫిన్లయ్యాయి. కుదించడం వల్ల లాభమే జరిగింది. పెద్ద గిన్నెలో అంచులు మాడే వేళకు నడిమి ఉండలు పచ్చిగా మిగలడం తరచూ జరిగేది. కప్పులో అన్నీ దాదాపు ఒకేసారి కాలతాయి.

కొన్న పిండికి కూడా ఒక చరిత్ర ఉంది. కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో లైవ్లీ విలోబీ అనే బేకరు, పచ్చి పిండిముక్కలను అట్టగొట్టంలో బిగించి చల్లగా నిలవ ఉంచే పద్ధతికి 1931లో పేటెంటు పొందాడు. బల్లార్డ్ అండ్ బల్లార్డ్ అనే పిండిమిల్లు కంపెనీ ఆ పద్ధతిని కొన్నది. 1951లో ఆ కంపెనీని పిల్స్‌బరీ కొనేసింది. పిండిలోంచి పుట్టే వాయువు గొట్టంలో చిక్కుకుని ఒత్తిడి పెంచుతుంది. అందుకే ఆ గొట్టం తెరవగానే టప్పుమని పేలుతుంది. అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఈ డబ్బా పిండితో భటూరాలు వేయించుకోవడం మామూలే. దాల్చినచెక్క మఫిన్లకు కూడా అక్కడ ఎక్కువగా వాడేది ఇదే.

శ్రీ సత్యసాయి జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దును ఒరుసుకుని ఉన్న అమరాపురం వంటి చోట ఆ గొట్టం పిండి దొరుకుతుందని ఆశించడం వృథా. అయితే బేకరీ మాత్రం ఇక్కడివారికి కొత్త కాదు. హిందూపురం, మడకశిర వైపు బేకరీల పోకడ బెంగళూరు నుంచి వచ్చింది. హాసన్ ప్రాంతం నుంచి వచ్చిన హెచ్.ఎస్. తిరుమలాచార్ 1898లో బెంగళూరు చిక్కపేటలో పెట్టిన బీ.బీ. బేకరీతో అయ్యంగారు బేకరీల పరంపర మొదలైందని చెబుతారు. గుడ్డు లేని బ్రెడ్డు, కారం బన్ను, కొబ్బరి కూరిన దిల్‌పసంద్ ఆ పరంపర ఇచ్చినవే. తీపి బన్నుకు ఆ బేకరీల్లో కలిపే పిండిముద్దే ఈ మఫిన్లకు సరిగ్గా సరిపోతుంది. పరిచయమున్న బేకరీలో ముందురోజే చెప్పి, ట్రేలకు ఎక్కించే వేళకు వెళ్లి అరకిలో పిండిముద్ద అడిగి తెచ్చుకోవడం అన్నిటికన్నా మంచి దారి. మూతగిన్నెకు లోపల నూనె రాసి తీసుకెళ్లాలి. పిండి దారిలోనే పొంగుతుంది కనుక గిన్నె పెద్దదై ఉండాలి. గంటలోపు ఇంటికి చేరలేకపోతే, చల్లటి నీళ్ల సీసా పక్కన పెట్టుకుని తేవాలి.

బెంగళూరు సూపర్‌మార్కెట్ల ఫ్రీజర్లలో గడ్డకట్టిన పిండి రకాలు కొన్ని ఉంటాయి. వాటిలో ఏది పనికొస్తుందో, ఏది రాదో తెలియకే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. గడ్డకట్టిన బన్ను పిండి, డిన్నర్ రోల్ పిండి పనికొస్తాయి. పఫ్ రేకులు కూడా పచ్చివే, కానీ వాటిలో ఈస్టు ఉండదు. వెన్న పొరలు వేడికి విడిపోయి కరకరలాడతాయి తప్ప బన్నులా మెత్తబడవు. అదీ ఒక రుచే కాని వేరే వంటకం. ప్యాకెట్ పరోటాలు సగం కాలి వచ్చేవి. వాటిని ముక్కలుగా కోసి కప్పులో పెడితే పొంగవు, అతుక్కోవు, చివరికి తోలులా సాగుతాయి. పిజ్జా బేసు పూర్తిగా కాలిపోయి వచ్చినది, దాని జోలికి పోకూడదు.

ప్యాకెట్ కొంటే వెనకవైపు చదవడం మంచిది. బ్రెడ్డు పిండిలో ఒకప్పుడు వాడిన పొటాషియం బ్రోమేటును భారతదేశంలో 2016లో నిషేధించారు. నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదన్న నియమం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. గడ్డకట్టిన పిండిని ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చి నెమ్మదిగా కరగనివ్వాలి. తొందరపడి ఎండలో పెడితే పైభాగం పులిసిపోతుంది, నడుమ మంచుగడ్డ అలాగే ఉంటుంది. ఒకసారి కరిగిన పిండిని మళ్లీ గడ్డకట్టించకూడదు. మంచు పలుకులు ఈస్టు కణాలను చీల్చేస్తాయి, రెండోసారికి పొంగే సత్తువ మిగలదు.

దాల్చినచెక్క గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ వంటకానికి వాసన మొత్తం దానిదే. కిరాణా అంగళ్లలో ఎక్కువగా దొరికేది దళసరిగా, ముదురు ఎరుపులో, ఒకే మడతగా చుట్టుకున్న కాసియా చెక్క. ఘాటు ఎక్కువ. శ్రీలంక దాల్చినచెక్క లేత రంగులో, కాగితం పొరలు చుట్టినట్టుగా పలచటి పొరలతో ఉంటుంది. వేళ్లతో నలిపితే పొడవుతుంది, ధర కూడా ఎక్కువ. వంటకు రెండూ పనికొస్తాయి. తేడా కౌమరిన్ అనే పదార్థంలో ఉంది. కాసియాలో అది ఎక్కువ, శ్రీలంక చెక్కలో నామమాత్రం. మోతాదు మించి రోజుల తరబడి లోపలికి వెళితే కాలేయానికి చెరుపు. శరీర బరువు కిలోకు రోజుకు 0.1 మిల్లీగ్రాము వరకు పరవాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ లెక్క. జర్మనీ సంస్థ దాన్ని వంటింటి భాషలోకి మార్చి చెప్పింది. 60 కిలోల మనిషికి రోజుకు 2 గ్రాముల కాసియా పొడి, 15 కిలోల పిల్లవాడికి అరగ్రాము. ఈ లెక్కన ఆరు మఫిన్లకు 3 గ్రాముల పొడి వాడితే ఒక్కోదానిలో అరగ్రాము పడుతుంది. పండగకో సెలవుకో చేసుకునే వంటకానికి ఇది భయపడే మోతాదు కాదు. చిన్నపిల్లలకు రోజూ పెట్టేటట్లయితే మాత్రం శ్రీలంక చెక్క కొనడమే మేలు.

పొడిని పిండిలో కలపకూడదు, ఉండ పైనే పూయాలి. చెక్కకు ఆ వాసననిచ్చే సిన్నమాల్డిహైడ్ సూక్ష్మజీవులను అణచే గుణం ఉన్నది. ఈస్టు కూడా సూక్ష్మజీవే. పిండిలో చెక్కపొడి బాగా కలిస్తే పొంగు మందగిస్తుంది. పైపూతకు ఆ చిక్కు లేదు. చెక్కను ఆరు నెలల కిందట పట్టించిన పొడి డబ్బాలోంచి తీయడంకంటే, అప్పటికప్పుడు పెనం మీద గోరువెచ్చగా చేసి మిక్సీలో తిప్పి జల్లించుకుంటే వాసన గది దాటి వస్తుంది. జల్లించడం మానకూడదు. మిగిలిన నలుసులు పంటికింద పుల్లల్లా తగులుతాయి.

అమెరికా పద్ధతిలో పాకానికి బ్రౌన్ షుగర్ వాడతారు. అంటే మొలాసిస్ మిగిలిన పంచదార. హిందూపురం చింతపండు, మిరపకాయలతోబాటు బెల్లం వ్యాపారానికీ పేరున్న ఊరు. అక్కడి బెల్లం ఉండగా బ్రౌన్ షుగర్ కోసం వెతకడంలో అర్థం లేదు. అయితే ఒక జాగ్రత్త. బెల్లం గాలిలోని తేమను లాగి ముద్దకడుతుంది, కాబట్టి ఉండల పైపూతకు పంచదారే సరైనది. బెల్లం అడుగు పాకానికి ఉంచుకోవాలి. నలుసులు, ఇసుక ఉండే అవకాశముంది కనుక చెంచాడు నీళ్లతో కరిగించి వడగట్టి వాడాలి.

ఆరు మఫిన్లకు కావలసినవి ఇవి: 300 గ్రాముల పిండిముద్ద, పైపూతకు 60 గ్రాముల పంచదార, 3 గ్రాముల చెక్కపొడి, ముంచడానికి 45 గ్రాముల వెన్న, పాకానికి 30 గ్రాముల బెల్లం, మరో 20 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు. ఇష్టమైతే వేయించి పొట్టు తీసి పలుకులుగా దంచిన వేరుశనగ పప్పు రెండు చెంచాలు. హంగరీవారు అక్రోట్లు వేస్తారు, అనంతపురం సీమలో వేరుశనగను కాదని వాటికోసం పోవడం దండగ ఖర్చు.

ముందుగా కప్పులకు వెన్న రాయాలి. కాగితపు కప్పులు వాడకూడదు, పాకం కాగితాన్ని పట్టేసి విడవదు. కరిగించిన బెల్లాన్ని, వెన్ననూ, ఉప్పునూ సన్నని సెగన కలిపి, నురుగు రాగానే దించి ఒక్కో కప్పు అడుగున రెండు చిన్న చెంచాలు పోసి, పైన వేరుశనగ పలుకులు చల్లాలి. పాకం ముదరనివ్వకూడదు. ఓవెన్‌లో మళ్లీ ఉడుకుతుంది కనుక ఇక్కడే తీగపాకం వస్తే అక్కడ రాయవుతుంది.

పిండిముద్దను మూడు తాళ్లుగా సాగదీసి, ఒక్కో తాడును పన్నెండు ముక్కలు చేస్తే 36 వస్తాయి. ఒక్కోటి 8 గ్రాములు, రేగుపండంత. చల్లటి పిండి సాగదీసిన వెంటనే వెనక్కి ముడుచుకుంటుంది. అప్పుడు బలవంతం చేయకుండా తడిగుడ్డ కప్పి పది నిమిషాలు వదిలేస్తే గ్లూటెన్ బిగువు సడలుతుంది. ఓళిగల పిండిని నానబెట్టడంలో ఉన్న కిటుకూ ఇదే. ఉండలు నున్నగా చుట్టనక్కర్లేదు, చాకుతో కోసిన ముక్కలైనా సరే. మూలలున్న ముక్కలకు పంచదార ఇంకా బాగా పడుతుంది.

వెన్న గోరువెచ్చగా ఉండాలి. పొయ్యి మీంచి దించిన వేడివేడి వెన్నలో ముంచితే పైపొర ఉడికిపోతుంది. 55 డిగ్రీలు దాటితే ఈస్టు చస్తుంది. ఒక చేత్తో వెన్నలో ముంచి, రెండో చేత్తో పంచదారలో దొర్లించడం అలవాటు చేసుకుంటే పొడి ఉండకట్టదు. కప్పుకు ఆరు ఉండలు, మూడింట రెండు వంతులకు మించకుండా, వదులుగా వేయాలి. అదిమితే పొంగడానికి చోటుండదు.

ఇక రెండో పొంగు. వంటకం మొత్తంలో గడియారాన్ని నమ్మకూడని ఘట్టం ఇదొక్కటే. 28 నుంచి 32 డిగ్రీల వేడిలో ఈస్టు హాయిగా పనిచేస్తుంది, ముప్పావుగంట పడుతుంది. హిందూపురం సముద్రమట్టానికి 620 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. అమరాపురం వైపు కూడా డిసెంబరు ఉదయాలు వణికిస్తాయి, అప్పుడు గంటన్నరైనా చాలదు. ఏప్రిల్‌లో ధర్మవరంలో ఎండ 40 డిగ్రీలకు చేరిన మధ్యాహ్నం అరగంటకే పొంగి పొర్లుతుంది. అందుకని చూడాల్సింది పిండిని. ఉండలు ఉబ్బి కప్పు అంచుకు వేలెడు దిగువన ఉన్నప్పుడు, తడివేలితో మెల్లగా నొక్కితే గుంట నెమ్మదిగా సగం పూడుకోవాలి. టక్కున పూడితే ఇంకా వేళ కాలేదు. అసలు పూడకపోతే వేళ మించిపోయింది, ఓవెన్‌లో కుంగిపోతుంది. చలికాలంలో స్విచ్ వేయని ఓవెన్‌లో వేడినీళ్ల గిన్నెతో పాటు ట్రే ఉంచితే సరిపోతుంది.

ఓవెన్‌ను 180 డిగ్రీలకు పావుగంట ముందే వేడిచేయాలి. ఓటీజీలో కింది, పై కడ్డీలు రెండూ వేసి నడుమ అరలో ట్రే పెట్టాలి. మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ పద్ధతి తప్పనిసరి. ఉత్త మైక్రోవేవ్ పిండిని ఉడికిస్తుందే కాని రంగు తేలేదు. 18 నుంచి 22 నిమిషాలు పడుతుంది. పంచదార పూత వల్ల పైరంగు తొందరగా వచ్చి మోసం చేస్తుంది. అందులోనూ నల్లటి ట్రే అయితే మరీను. 15 నిమిషాలకే ముదురు రంగొస్తే పైన అల్యూమినియం రేకు కప్పి మిగిలిన సమయం ఉంచాలి. లోపలి వేడి 90 డిగ్రీలకు చేరితే కాలినట్టే. వేడిమాని లేనివారు నడిమి ఉండను పుల్లతో గుచ్చి చూస్తే పుల్లకు పాకం అంటవచ్చు కాని పచ్చిపిండి అంటకూడదు. 1500 వాట్ల ఓటీజీని మొత్తం అరగంటకు కాస్త పైగా నడిపినా యూనిట్ కరెంటు కూడా కాలదు.

దించాక రెండు మూడు నిమిషాలు ఆగి ట్రేను పళ్లెం మీద బోర్లించాలి. ఆలస్యం చేస్తే పాకం బిగిసి కప్పును పట్టుకుంటుంది. అప్పుడు చాకుతో పెకిలించాల్సి వచ్చి గుత్తి చెదురుతుంది. వెంటనే బోర్లిస్తే మరుగుతున్న పాకం చేతిమీద పడే ప్రమాదముంది. పంచదార పాకం చర్మానికి అంటుకుపోతుంది కనుక వేడినీళ్ల కన్నా ఎక్కువగా కాలుస్తుంది. ఈ పని పిల్లలకు అప్పగించకూడదు. ఉండలు దొర్లించే పని మాత్రం వారిదే, అడక్కుండానే వస్తారు.

ఓవెన్ లేని ఇంట్లోనూ ఇవి చేయవచ్చు. అడుగు మందంగా ఉన్న పాత దబరలో రెండంగుళాల మేర ఉప్పు పోసి, పైన ముక్కాలిపీట పెట్టి, మూతవేసి పది నిమిషాలు వేడిచేయాలి. స్టీలు కటోరాల్లో పేర్చిన ఉండలను పీట మీద పెట్టి సన్నని సెగన 30 నిమిషాల దాకా ఉంచాలి. ప్రెషర్ కుక్కరును ఇలా ఖాళీగా కాల్చితే దాని లోహం పాడవుతుంది, పాత దబరే నయం. ఇక గుంత పొంగనాల పెనం ఇందుకు పుట్టినట్టే ఉంటుంది. గుంతకు మూడు చిన్న ఉండలు వేసి మూతపెట్టి సన్నసెగన కాల్చి, ఒకసారి తిప్పితే చాలు. పాకం మాత్రం అడుగున పోయకుండా విడిగా కాచి పైన పోసుకోవాలి, లేకపోతే పెనం తోముకోలేక చావాలి.

ఒక్కో మఫిన్‌లో పంచదార, బెల్లం కలిపి 15 గ్రాములుంటాయి. పైనుంచి కలిపే తీపి రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కాబట్టి ఒకటి తినడం సరదా, రెండు తినడం ఆ రోజు లెక్క దాటడం. చక్కెర జబ్బున్నవారికి అసలు పెట్టకపోవడమే మంచిది. బెల్లం వేశాం కదా అన్న సమాధానం ఇక్కడ చెల్లదు.

మిగిలినవాటిని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఆ చలిలో పిండి పదార్థం త్వరగా గట్టిపడి బన్ను బిరుసెక్కుతుంది. మూతడబ్బాలో బయటే ఉంచి, మర్నాడు మైక్రోవేవ్‌లో 15 సెకన్లో, మూతపెట్టిన పెనం మీద రెండు నిమిషాలో వేడిచేస్తే మళ్లీ మెత్తబడతాయి. మూడోరోజుకు నిలవ ఉంచుకోదగిన వంటకం కాదిది. ఆరు చేస్తే ఆరూ ఆ సాయంత్రమే ఖర్చయ్యేటట్టు మనుషుల్ని చూసుకుని చేయాలి.